తిరిగి వచ్చినవాని ఋణము

ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీ సమీపించునప్పటికి మేము పనిచేసిన కచేరీకి కాగితపు జెండాల కట్టలు వచ్చెడివి. ఎరుపు, ముదురు నీలము, లేత నీలము అను మూడు వన్నెల ఆ చిన్న జెండాలు పదాతిసైన్యమునకును, నౌకాదళమునకును, విమానదళమునకును గుర్తులు. 1949 నుండి ఆ దినమును సాయుధదళముల పతాకదినముగా మన దేశమున పాటించుచున్నారు. జెండాను గుండుసూదితో జేబునకు గ్రుచ్చి, డబ్బాలో చిల్లర వేయించుకొనుట గుమాస్తాల పని. మా విభాగమున ఆ పని ఇరువది యేండ్లకు పైగా మాకే పడినది. లెక్క ఒక్కమారును తప్పలేదని మాత్రము చెప్పుకొనగలము.

అయినను అన్ని యేండ్లలో మా యింట నున్న సైనికుని జేబునకు ఒక జెండా గ్రుచ్చవలెనని మాకు తోచలేదు. మా నాయనగారు మద్రాసు సాపర్ల దళమున 1941లో చేరి, బర్మాలో పనిచేసి, 1946లో విడుదలయై వచ్చినవారు. 1988లో కాబోలు, ఒకసారి తోచినది. జెండా నొకటి ఇంటికి తీసికొనిపోయి ఆయన చొక్కాకు పెట్టబోగా, "దీనికెంతరా?" అని అడిగిరి. "మీకెందుకు నాయనా డబ్బు?" అంటిమి. ఆయన వినలేదు. లోపలికి పోయి రూపాయి బిళ్ళ నొకదానిని తెచ్చి మా చేతిలో పెట్టి, "డబ్బాలో వెయ్యి. మరిచిపోకుండా లెక్కలో రాయి" అనిరి. మరునాడు ఆ రూపాయిని డబ్బాలో వేసి లెక్కలో వ్రాసితిమి. కాని ఆయనకు చెప్పవలసినది ఏదియో చెప్పక మిగిలిపోయినదను భావము ఆనాటి నుండి మమ్ము విడువలేదు. పెద్దలు సావనీరునకు ఏదైన వ్రాయుమని కోరగా, ఆ బాకీని గూర్చియే వ్రాయుచున్నాము. చదువరులలో పెక్కుమంది యిండ్లలో ఇట్టి బాకీ యుండునని మా నమ్మకము.

బెంగుళూరున హలసూరు చుట్టుప్రక్కల తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములకు సాపర్ల దళము పరాయిది కాదు. 1780లో మద్రాసున రెండు పయనీరు కంపెనీలుగా పుట్టి, పందొమ్మిదవ శతాబ్దమున బెంగుళూరికి తరలివచ్చి, హలసూరు చెరువు గట్టున స్థిరపడిన దళమది. అందు తమిళులు, తెలుగువారు, మలయాళీలు, కన్నడిగులు కలసి యుందురు. అందరికిని "తంబీలు" అనియే పేరు. వంతెన వేయుట, బాట తీయుట, మందుపాతరలను వెదకి తీసివేయుట వారి పని. ముందు పోవువాడు సాపరు, కడపట వచ్చువాడును సాపరే యని మా నాయనగారు చెప్పెడివారు. ఆ దళమునకు చెందిన సుబేదారు సుబ్రమణియన్ 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిన్యానో యొద్ద, ప్రేలబోవు మందుపాతరపై తన శరీరమును వేసి తోడివారిని కాపాడెను. ఆయనకు మరణానంతరము జార్జి క్రాసు లభించినది. అట్టివారి విషయమున కృతజ్ఞత కష్టమైన పని కాదు; శిరస్సు దానంతట అదియే వంగును. బ్రతికి వచ్చి, మన వీధిలో కూరగాయలు బేరమాడుచు, మన యింటిలో దగ్గుచు కూర్చున్నవాని విషయముననే చిక్కు వచ్చుచున్నది.

మన పూర్వులును ఈ చిక్కును దాటినట్లు కనబడదు. మనము నివసించు ఈ కన్నడ సీమయందును, రాయలసీమయందును ఊరూర వీరగల్లులు కలవు. బేగూరు నాగేశ్వరాలయమున నున్న తొమ్మిదవ శతాబ్దపు శిలయందు బెంగుళూరు పేరు మొట్టమొదట కనబడుచున్నది. అదియును ఒక యుద్ధమున కూలినవానికై నిలిపిన రాయియే. ఆతకూరు శాసనము మరియు విచిత్రము. 949వ సంవత్సరపు తక్కోలము యుద్ధమున పరాక్రమించిన మణలేరుడను వీరుడు బహుమానముగా కాళి యను వేటకుక్కను కోరి పొందగా, ఆ కుక్క అడవిపందితో పోరాడి మరణించెను. దానికిని శిల నిలిపిరి, భూమి నిచ్చిరి. ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు మ్యూజియమున నున్నది. పిల్లలను తీసికొనిపోయి చూపదగినది. యుద్ధమున మరణించినవాని కుటుంబమునకు ఇచ్చు భూమిని కన్నడమున "నెత్తరుగొడగె" యనిరి. నెత్తుటికి బదులిచ్చిన మాన్యమని దాని భావము. పల్నాట కారెంపూడిలో నేటికిని కార్తికమాసమున వీరులను ఆరాధించుచున్నారు. ఇవన్నియు చచ్చినవారికి. బ్రతికి వచ్చినవానికి రాయి ఏది?

బ్రతికి వచ్చినవానికి మన వాఙ్మయము చేసిన మర్యాదకు ఖడ్గతిక్కన కథ చాలును. నెల్లూరి మనుమసిద్ధి సేనాని యగు తిక్కన, కాటమరాజుతో పుల్లరి తగవు యుద్ధముగా మారినప్పుడు, తన బలము నశింపగా ఇల్లు చేరెనట. భార్య స్నానమునకు నీళ్ళు తోడి, మంచము నడ్డము పెట్టి, పసుపుముద్ద నుంచెను. తల్లి విరిగిన పాలు పోసెను. అతడు సిగ్గుపడి మరల పోయి ప్రాణము విడిచెను. ఈ కథను బడిలో చదివినప్పుడు మేము పులకించితిమి. ఒకనాడు ఇంట చెప్పుచుండగా మా నాయనగారు విని, "ఆ బిడ్డ అన్నం తిన్నాడా?" అని అడిగిరి. మేము తెల్లబోయితిమి. కథలో ఆ సంగతి లేదంటిమి. ఆయన మరి మాటాడలేదు. మాకప్పుడు పండ్రెండేండ్లు. ఆ ప్రశ్నకు అర్థము తెలియుటకు మరి ముప్పదేండ్లు పట్టినది. యుద్ధమునుండి వచ్చినవానిని చూచి గెలిచెనా ఓడెనా యని అడుగువారే గాని, ఆకలిగా నున్నాడా యని అడుగువారు అరుదు.

కృతజ్ఞతను గూర్చి మాటాడినంతనే కొందరు ఒక అభ్యంతరము చెప్పుదురు: జీతమునకు చేరినవానికి ఋణమేమి? నెలకు నెల లెక్క తీరినది కదా! ఈ మాట మేమును కచేరీలో పలుమార్లు వింటిమి. ఒకటి రెండుమార్లు అంటిమి కూడ. మా నాయనగారు సైతము ఈ విషయమున దాపరికము చేయలేదు. "కరువుకు పోతిని, దేశానికి కాదు" అని నిర్మొగమాటముగా చెప్పెడివారు. చిత్తూరు సీమలో వానలు లేవు. ఇంట అయిదుగురు తోబుట్టువులు. సైన్యమున చేరిన మూడు పూటల తిండి, ఇంటికి మనియార్డరు. అయినచో ఏమి? ఒకడు ఏ కారణమున చేరెననునది ఒక సంగతి, చేరిన తరువాత ఏమి ఇచ్చెననునది మరియొక సంగతి. మంత్రసానికి చీర, చేటెడు బియ్యము ఇచ్చి పంపుదుము. అంతమాత్రమున బిడ్డను బయటపడవేసిన చేతుల ఋణము తీరెనని ఏ తల్లియైనను అనునా? కూలి పనికే గాని పనిలోని అపాయమునకు కాదు. మేము ముప్పదియెనిమిది యేండ్లు జీతమునకే పనిచేసితిమి. మాకు జీతమిచ్చినవారు మా నిద్రను అడిగిరి, కన్నులను అడిగిరి, ఒక్కొక్కమారు ఆదివారమును అడిగిరి; ప్రాణమును ఏనాడును అడుగలేదు. రెండు జీతములును ఒకే పేరుతో పిలువబడుట భాషకు గల పేదరికము.

రెండవ అభ్యంతరము ఇంతకంటె బరువైనది. ఆ యుద్ధము మనదా? తెల్లవారి రాజ్యమును నిలుపుటకు పోయినవారికి స్వతంత్ర దేశము ఎందుకు కృతజ్ఞత చూపవలెను? రెండవ ప్రపంచ యుద్ధమున అవిభక్త భారతమునుండి 25 లక్షలమంది సైన్యమున చేరిరి. 87,000 మంది దాక మరణించిరి. ఆ ప్రభుత్వమే 1943లో బంగాళమున లక్షలమందిని ఆకలికి వదలినది. ఇంకొక ప్రక్క నేతాజీ నాయకత్వమున ఆజాద్ హింద్ ఫౌజున మనవారే పోరాడిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను వారిని సైన్యమున తిరిగి చేర్చుకొనలేదు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను వారికి చాలకాలమునకు గాని అందలేదు. ఇవి త్రోసిపుచ్చదగిన సంగతులు కావు. ఐనను 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు పడిన సంగతియు నిజమే. 1944లో ఇంఫాలు, కోహిమల యొద్ద జపాను సేన ఆగుటయు నిజమే. మా నాయనగారికి ఈ చర్చయందు రుచి లేదు. 1945లో రంగూనున ఒక ఫౌజు ఖైదీ తెలుగున మాటాడగా విని, "ఏ ఊరు?" అని అడిగి, తన యొద్దనున్న బీడీలలో సగము ఇచ్చితినని మాత్రము చెప్పిరి. అప్పటి రంగూను నిండ తెలుగువారే. రేవులో మూటలు మోయువారు మొదలు అంగళ్ళవారి దాక. ఆ బీడీలు పుచ్చుకొన్నవాడు ఏమనెనని మేము అడిగితిమి. "ఏమంటాడు? అగ్గిపెట్టె అడిగినాడు" అనిరి.

యుద్ధమును మెచ్చుకొననిదే సైనికునికి కృతజ్ఞత చూపరాదను తర్కము మాకు సమ్మతము కాదు. యుద్ధము చేయవలెనని నిశ్చయించినవారు వేరు, దానిని మోసినవారు వేరు. మోసినవాని భుజము నొప్పి నిశ్చయము యొక్క మంచిచెడ్డలను బట్టి తగ్గదు, హెచ్చదు. ఇంతకంటె లోతుగా చెప్పుటకు మా చదువు చాలదు.

యుద్ధము ముగిసిన పిమ్మట ఆ 25 లక్షలలో అత్యధికులను కొద్ది డబ్బుతో ఇంటికి పంపివేసిరి. యుద్ధకాలమునకు మాత్రము చేరినవారికి పింఛను లేదు. చాల యేండ్ల తరువాత పలు రాష్ట్ర ప్రభుత్వములు వారికిని, వారి భార్యలకును నెలకు కొంత సహాయము ఏర్పరచినవి. అప్పటికి పెక్కుమంది లేరు. మా నాయనగారు దళమున నేర్చిన వడ్రంగమునే జీవనాధారముగా చేసికొనిరి. హలసూరున ఆయన చేసిన కిటికీలు కొన్ని నేటికిని ఉన్నవి. పింఛను తీసికొను అదృష్టము గలవారి దశయు పూవులబాట కాదు. ఒకే హోదాకు ఒకే పింఛను అను కోరిక దశాబ్దములు నలిగి, మాజీ సైనికులు ఢిల్లీలో వీధిని కూర్చున్న తరువాత, 2015 నవంబరున ఉత్తర్వుగా వెలువడినది. స్వతంత్ర భారతమున మరణించిన 25,000కు పైగా సైనికుల పేర్లతో జాతీయ యుద్ధ స్మారకము ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైనది. ఆలస్యమైనను మంచి పనులు. మన బెంగుళూరున బ్రిగేడు రోడ్డు రెసిడెన్సీ రోడ్డును కలియు మూలనున్న సైనిక స్మారకస్తంభమును దాటిపోవు వేలమందిలో ఎందరు తలయెత్తి చూచుచున్నారో చదువరులు ఒక సాయంకాలము నిలిచి లెక్కింపవచ్చును. మేము ఒకమారు లెక్కించితిమి. అంకె ఇక్కడ వ్రాయము.

ఇక మా తప్పు నొకదానిని చెప్పవలెను. చెప్పక ఈ వ్యాసము వ్రాయుటకు మాకు అధికారము లేదు. 1991లో మేము పనిచేసిన కచేరీకి ఒక వృద్ధ సైనికుడు అర్జీతో వచ్చెను. డిశ్చార్జి పుస్తకమున ఆయన పేరు "స్వామి" యని ముగియుచున్నది; రేషను కార్డున "అప్ప" యని ముగియుచున్నది. అఫిడవిట్టు తెమ్మని పంపితిమి. తెచ్చెను. గెజిటెడ్ అధికారి సంతకము కావలెనంటిమి. పది దినములకు అదియు తెచ్చెను. తేదీ సరిగా లేదని మూడవమారు పంపితిమి. ప్రతిమారును ఆయన మా బల్లముందు, అధికారి ముందు నిలిచినట్లు నిటారుగా నిలిచి, "అట్లే సార్" అని వెనుదిరిగెడివాడు. కుర్చీ యున్నది, కూర్చొనుమని మేము అనలేదు. ఇంకొక మాటయు దాచరాదు: ఆయన అట్లు నిలుచుట మాకు లోలోపల బాగుగనే యుండెను. నాలుగు మాసముల తరువాత ఒక వృద్ధురాలు వచ్చి, "ఆయన పోయినారు. ఈ కాగితాలు మీకే ఇమ్మని చెప్పినారు" అని అదే సంచి బల్లపై పెట్టెను. ఆ పని ఆ సాయంకాలములోగా పూర్తియైనది. రెండు పేర్లును ఒకనివే యని ఒక ధ్రువపత్రము చాలునని నిబంధనలలో మొదటినుండియు ఉన్నది. మేము చూడలేదు. ఆమెకు రావలసినది తరువాత వచ్చెనని వింటిమి.

ఆ యేడు డిసెంబరునను జెండాలు అమ్మితిమి.

ఉత్తరకాండమున శ్రీరాముడు హనుమంతునికి వీడ్కోలు చెప్పు ఘట్టము మన పురాణ శ్రోతలకు తెలియనిది కాదు. నీవు చేసిన ఉపకారము నాలోనే జీర్ణమగుగాక యని ఆయన అనును; ప్రత్యుపకారము చేయగోరుట యనగా ఉపకారికి ఆపద రావలెనని కోరుటయే యని ఆయన భావము. ఇంత సున్నితమైన ఆలోచన మరియొక చోట మాకు కనబడలేదు. మన యిండ్లలో తల్లికి, తండ్రికి, అన్నకు నోరు తెరచి కృతజ్ఞత చెప్పకపోవుటకు మూలము బహుశః ఇదియే. చెప్పిన దూరమగుదురు, చెప్పకున్న ఋణము లోపల జీర్ణించి రక్తమగును. చాలకాలము మేము ఈ సమాధానముతో తృప్తిపడితిమి. కాని ఇందొక మెలిక కలదు. హనుమంతుడు చిరంజీవి, అతనికి ఏ కచేరీలోను పని లేదు. ఆపద రాకముందు మౌనము మర్యాద. ఆపద వచ్చి, ఉపకారి మన బల్లముందు సంచితో నిలిచినప్పుడు, ఋణము నాలోనే జీర్ణమగుగాక యని ఊరకుండుట రామవాక్యమును అడ్డము పెట్టుకొని ఎగవేయుట. ఆ రెంటికిని నడుమ గీత ఎక్కడనో తెలిసికొనుటయే ఈ విషయమున ఉన్న ధర్మసూక్ష్మమంతయు అని మేము తలంచుచున్నాము.

మా నాయనగారి విషయమున గీత ఎక్కడ నుండెనో ఇప్పుడు తెలియుచున్నది. ఆయన మమ్ము డబ్బు అడుగలేదు, దండ అడుగలేదు. రాత్రి భోజనముల వేళ బర్మా వానలను గూర్చి, కాళ్ళకు పట్టిన జలగలను గూర్చి, బురదలో కూరుకొనిపోయిన కంచరగాడిదలను గూర్చి చెప్పబోయెడివారు. కలేవా యొద్ద చింద్విన్ నదిపై 1944 డిసెంబరులో వేసిన 1,154 అడుగుల బెయిలీ వంతెనను తాను దాటిన రాత్రిని గూర్చి చెప్పునప్పుడు ఆయన చేతులు గాలిలో ఇనుపచట్టములను బిగించుచుండెడివి. మేము పిల్లలము ఒకరినొకరు చూచుకొని, "మళ్ళీ బర్మా" అని నవ్వుకొనెడివారము. అమ్మ మమ్ము కసరెడిది. ఆమెకు మాత్రము ఆ కథలు అవసరము లేదు. అయిదేండ్లు మనియార్డరు వచ్చిన నెలను బ్రతికియున్నాడనియు, రాని నెలను లేడనియు లెక్కించిన మనిషి. ఆమెకు ఎవ్వరును పతకమియ్యలేదు, సరియే. కొంతకాలమునకు నాయనగారు చెప్పుట మానిరి. ఏ సంవత్సరమున మానిరో మేము గుర్తింపలేదు. ఒక మనిషి ఇంటిలో మాట మానిన సంగతి ఇంటివారికే తెలియక పోవుటకంటె కృతఘ్నత ఏమున్నదో మాకు తోచదు.

మా మేనల్లుడు పదునేడేండ్లు సైన్యమున పనిచేసి ముప్పదియేడవ యేట బయటికి వచ్చెను. మాజీ సైనికుడనగా నెరసిన మీసములవాడని తలంచువారు అతనిని చూడవలెను. ఇప్పుడొక బహుళ అంతస్తుల భవనము గేటు వద్ద కాపలా. "మామా, పంద్రాగస్టుకు నన్ను పిలిచి శాలువా కప్పుతారు. మరునాడు గేటు తెరవడం ఒక నిమిషం ఆలస్యమైతే వాళ్ళే అరుస్తారు" అని నవ్వుచు చెప్పెను. శాలువా కప్పవలదని మేమనము. అతని పేరు తెలిసికొని పిలిచినవారు ఆ భవనమున ఇద్దరే యట. అందొకరు పాలుపోయు మనిషి.

జనవరి 14ను ఇప్పుడు మాజీ సైనికుల దినముగా జరుపుచున్నారు. మన కొడగు సీమకు చెందిన కరియప్పగారు 1953లో సైన్యాధిపత్యమునుండి విరమించిన దినమది. సంక్రాంతి దినములలోనే అది వచ్చుట మనకు అనుకూలమే; పిల్లలు ఇంటనుందురు, పాతసామానులు అటకనుండి దిగును. మొన్నటి భోగికి మా మనుమడు నాయనగారి రేకుపెట్టె దింపించెను. 1993లో ఆయన పోయిన తరువాత మేము దానిని ఒక్కమారే తెరచి వెంటనే మూసితిమి. కారణము ఇప్పుడు తెలియును. బర్మా స్టారు, మరి రెండు పతకములు, రంపము అరిగిన ముక్క, డిశ్చార్జి పుస్తకము. వృత్తి: వడ్రంగి. ప్రవర్తన: మిక్కిలి మంచిది. పేరు మాత్రము మేమెరిగిన పేరు కాదు. దళపు గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాసికొనినది. ప్రక్కనే ఆయన రేషను కార్డు నున్నది. మనుమడు రెంటిని చేతులలో పట్టుకొని, పేర్లను కూడబలుకుకొని చదివి, "తాతా, ఇందులో ముత్తాత ఎవరు?" అని అడిగెను.

ఇద్దరును ఆయనయే యని చెప్పితిమి. వానిని కూర్చొనుమని, బర్మా కథ మొదలుపెట్టితిమి.